కమ్యూనిటీ కాలేజీకి కొత్త ప్రెసిడెంట్‌ను ఎంపిక చేయడం: కాలిఫోర్నియా ట్రస్టీలకు, కమిటీ సభ్యులకు మార్గదర్శిని

కాలిఫోర్నియాలో 116 కమ్యూనిటీ కాలేజీలు ఉన్నాయి. వాటిని 73 జిల్లాలు నడుపుతాయి. స్థానిక జిల్లాలపై అక్కడి ఓటర్లు ఎన్నుకున్న ట్రస్టీల బోర్డుకు అధికారం ఉంటుంది. ఫ్రీమాంట్, క్యూపర్టినో, శాన్ హోసే పరిసరాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ కాలేజీలు పరాయివి కావు. పిల్లలు హైస్కూల్లో ఉండగానే వీటిలో కోర్సులు తీసుకోవడం, రెండేళ్లు ఇక్కడ చదివి పెద్ద విశ్వవిద్యాలయానికి బదిలీ కావడం అక్కడ మామూలు విషయం. అయితే ఈ కాలేజీలకు ప్రెసిడెంట్‌ను ఎవరు, ఎలా ఎంచుకుంటారన్నది మనలో చాలామందికి తెలియదు. పౌర ప్రతినిధిగా ఎంపిక కమిటీలో కూర్చోవలసి వచ్చినవారికి, ట్రస్టీగా గెలిచిన కొద్దికాలానికే ఈ బాధ్యత నెత్తిన పడినవారికి ఉపయోగపడేలా ఆ పని క్రమాన్ని ఇక్కడ వివరిస్తున్నాను. ఉద్యోగ ప్రకటన వెలువడక ముందు కాలేజీ తన పరిస్థితిని ఎంత నిజాయితీగా తెలుసుకుందన్న దాని మీదే ఎంపిక మంచిచెడ్డలు ఎక్కువగా ఆధారపడతాయని నా అభిప్రాయం. అందుకే ఆ భాగానికి మిగిలినవాటికంటే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

మొదట తేల్చుకోవలసింది, భర్తీ చేస్తున్న పదవి ఏ రకానిది అన్నది. జిల్లాకు ఒకే కాలేజీ ఉంటే ఆ అధికారిని సూపరింటెండెంట్/ప్రెసిడెంట్ అంటారు. ఆయన లేదా ఆమె నేరుగా బోర్డుకే జవాబుదారీ. ఫుట్‌హిల్–డి ఆంజా జిల్లాలో రెండు కాలేజీలు, లాస్ ఏంజెలెస్ జిల్లాలో తొమ్మిది కాలేజీలు ఉన్నాయి. అలాంటి చోట్ల జిల్లాకంతటికీ చాన్సలర్ ఉంటారు, కాలేజీ ప్రెసిడెంట్ ఆ చాన్సలర్ కింద పనిచేస్తారు. అక్కడ తుది సిఫారసు చాన్సలర్‌ది, ఆమోదం బోర్డుది. ఈ తేడా కమిటీకి మొదటి సమావేశంలోనే చెప్పకపోతే, చివర్లో ‘మేము ఎంచుకున్నవారిని కాదన్నారు’ అన్న నొప్పి తప్పదు. కమిటీ ఎన్ని పేర్లు పంపాలి, వాటికి వరుస క్రమం ఇవ్వాలా వద్దా అన్నవి కూడా అప్పుడే రాతపూర్వకంగా నిర్ణయించాలి. వరుస లేకుండా పంపమనడమే నా దృష్టిలో మంచిది.

పాత ప్రెసిడెంట్ వెళ్లేనాటికి కొత్తవారు రాకపోతే తాత్కాలిక ప్రెసిడెంట్‌ను నియమించాలి. తాత్కాలికంగా కూర్చునేవారు శాశ్వత పదవికి పోటీ పడవచ్చో లేదో నియామకానికి ముందే బోర్డు ప్రకటించాలి. లోపలి మనిషి కుర్చీలో ఉండి పోటీలో కూడా ఉన్నారని తెలిస్తే, బయటి సమర్థులు ‘ఇది ముందే కుదిరిన వ్యవహారం’ అనుకుని దరఖాస్తు చేయరు. లోపలి అభ్యర్థికీ అది మేలు చేయదు. ఆయన తీసుకునే ప్రతి నిర్ణయాన్నీ ఎన్నికల ప్రచారంలాగే చూస్తారు.

కాలక్రమం విషయంలో పెద్ద చర్చ అక్కరలేదు. ఆర్థిక సంవత్సరం జులై 1న మొదలవుతుంది కనుక కొత్త ప్రెసిడెంట్ కూడా సాధారణంగా అప్పుడే బాధ్యతలు చేపడతారు. అక్కడి నుంచి వెనక్కి లెక్కిస్తే, సెప్టెంబరులో కమిటీ ఏర్పాటు, శరదృతువులో అభిప్రాయ సేకరణ, నవంబరులో ప్రకటన, జనవరి చివరికి దరఖాస్తుల పరిశీలన, ఫిబ్రవరి–మార్చిలో ఇంటర్వ్యూలు, ఏప్రిల్‌లో నిర్ణయం అన్న వరుస వస్తుంది. వేసవిలో అధ్యాపకులు క్యాంపస్‌లో ఉండరు. అప్పుడు బహిరంగ సభలు పెడితే హడావుడిగా, చాటుగా కానిచ్చారన్న మాట పడవలసి వస్తుంది.

ఇక అసలు పని. బోర్డు, కమిటీ కలిసి కాలేజీ జమాఖర్చులను, నివేదికలను ఎదురుగా పెట్టుకుని చదవాలి. 2018 నుంచి కాలిఫోర్నియాలో అమలులో ఉన్న నిధుల సూత్రం ప్రకారం రాష్ట్ర నిధుల్లో సుమారు 70 శాతం విద్యార్థుల నమోదును బట్టి, 20 శాతం తక్కువ ఆదాయ వర్గాలకు చెంది ఆర్థిక సహాయం పొందే విద్యార్థుల సంఖ్యను బట్టి, 10 శాతం డిగ్రీలు, సర్టిఫికెట్లు, బదిలీల వంటి ఫలితాలను బట్టి కేటాయిస్తారు. స్థానిక ఆస్తి పన్నుతోనే గడిచిపోయే శాన్ మాటియో వంటి కొన్ని జిల్లాలకు ఈ సూత్రంతో నిమిత్తం లేదు. మీ జిల్లా ఏ కోవలోదో తెలియకుండా ‘నమోదు పెంచగలవారు కావాలి’ అని రాయడం అర్థం లేని పని. నిర్వహణ వ్యయంలో కనీసం సగం తరగతి బోధకుల జీతాలకే వెళ్లాలన్న చట్టం ఒకటి ఉంది. కౌన్సెలర్లను, లైబ్రేరియన్లను నియమిస్తే ఆ ఖర్చు ఆ సగంలోకి రాదు. కాబట్టి విద్యార్థి సేవలు పెంచుతామని ఇంటర్వ్యూలో హామీ ఇచ్చే అభ్యర్థికి ఈ ముడి తెలుసో లేదో పసిగట్టాలంటే, ముందు ప్రశ్న అడిగేవారికి తెలిసి ఉండాలి.

గుర్తింపు సంస్థ అయిన ఏసీసీజేసీ ఇచ్చిన చివరి నివేదికను తప్పకుండా చదవండి. 2013 జులైలో శాన్ ఫ్రాన్సిస్కో సిటీ కాలేజీ గుర్తింపును రద్దు చేయాలని ఆ సంస్థ నిర్ణయించింది. రద్దు అమలు కాలేదు, 2017లో గుర్తింపు పునరుద్ధరించారు. అయినా ఆ మధ్యకాలంలో ఆ కాలేజీ వేలాది విద్యార్థులను పోగొట్టుకుంది. ఆ గొడవలో ఎక్కువగా వినిపించిన లోపాలు పాఠాలకు సంబంధించినవి కావు. పాలన, ఆర్థిక నిర్వహణ, ఎవరు దేనికి జవాబుదారీ అన్న అస్పష్టత. అంటే ప్రెసిడెంట్, బోర్డు చూసుకోవలసినవే. మీ నివేదికలో అలాంటి హెచ్చరిక ఉంటే దాన్ని అభ్యర్థుల నుంచి దాచకండి. మంచి అభ్యర్థి ఆ నివేదికను ఎలాగూ తెప్పించుకుని చదువుతారు.

కాగితాల తర్వాత మనుషుల మాట వినాలి. ప్రతి కాలేజీ అభిప్రాయ సేకరణ సభలు పెడుతుంది, కానీ చాలాచోట్ల అవి మధ్యాహ్నం పెడతారు, వచ్చేది ఎప్పుడూ వచ్చే ఆ ఇరవై మందే. సాయంత్రం తరగతులకు వచ్చే ఉద్యోగస్తులైన విద్యార్థులు, రోజుకు రెండు మూడు కాలేజీల మధ్య ఫ్రీవే మీద పరుగెత్తే పార్ట్‌టైమ్ అధ్యాపకులు, రాత్రి షిఫ్టులో శుభ్రపరిచే సిబ్బంది వీటికి రాలేరు. వారి వేళకు వారి దగ్గరికే వెళ్లాలి. ‘ఎలాంటి నాయకుడు కావాలి’ అని అడిగితే ‘పారదర్శకత, దూరదృష్టి’ అన్న మాటలే వస్తాయి. ‘గత రెండేళ్లలో ఏ నిర్ణయం మీకు ఇబ్బంది కలిగించింది, ఏది ఆగిపోయింది’ అని అడగండి; పనికొచ్చే సమాధానాలు అప్పుడు వస్తాయి. దొంగ పేర్లతో చేరి ఆర్థిక సహాయం కాజేసే ‘ఘోస్ట్ స్టూడెంట్స్’ బెడద ఈ రాష్ట్రంలో ఎంత తీవ్రంగా ఉందో, అది నిజమైన విద్యార్థుల సీట్లకు ఎలా అడ్డుపడుతోందో మీకు అడ్మిషన్స్ గుమాస్తా చెప్పినంత స్పష్టంగా ఎవరూ చెప్పలేరు.

వీటన్నిటి నుంచి తయారయ్యేది అభ్యర్థులకు ఇచ్చే ప్రొఫైల్. కాలేజీ ముందున్న మూడు నాలుగు పెద్ద పనులు, వాటిలోని కష్టం, ఇంతవరకు అవి ఎందుకు కాలేదన్న నిజం అందులో ఉండాలి. పాతిక సుగుణాల జాబితా ఏ కాలేజీకైనా సరిపోతుంది, అందుకే మీ కాలేజీకి పనికిరాదు. ‘బాండు నిధులతో మొదలైన రెండు భవనాలు ఆలస్యమయ్యాయి, అధ్యాపక సంఘంతో ఒప్పందం వచ్చే ఏడాది ముగుస్తుంది, మూడేళ్లుగా మిగులు నిధి తరుగుతోంది’ అని రాసిన ప్రొఫైల్ చూసి కొందరు వెనక్కి తగ్గుతారు. తగ్గనివ్వండి.

చాలా బోర్డులు అభ్యర్థులను వెతికిపెట్టే సెర్చ్ సంస్థను పెట్టుకుంటాయి. ట్రస్టీల జాతీయ సంఘం ఏసీసీటీ కూడా ఈ సేవ అందిస్తుంది. సంస్థను ఎంచుకునేటప్పుడు ఫీజు కంటే ముఖ్యంగా అడగవలసినవి కొన్ని ఉన్నాయి. మన పని స్వయంగా చూసే కన్సల్టెంటు ఎవరు, వారి చేతిలో ఇప్పుడు ఇంకెన్ని అన్వేషణలు ఉన్నాయి, అవే పేర్లను అన్ని కాలేజీలకూ తిప్పుతున్నారా, ఎంపికైనవారు ఏడాదిలోపే వెళ్లిపోతే మళ్లీ ఉచితంగా వెతికిపెడతారా. కన్సల్టెంటు అభ్యర్థులను తీసుకురావాలి, వడపోత మాత్రం కమిటీయే చేయాలి.

కమిటీలో అధ్యాపకులు, క్లాసిఫైడ్ సిబ్బంది (బోధనేతర ఉద్యోగులు), నిర్వాహకులు, విద్యార్థులు, ఊరి ప్రతినిధులు ఉండాలి. కాలేజీ పాలనలో అధ్యాపకులకు 1988 నాటి ఏబీ 1725 చట్టం గట్టి స్థానం ఇచ్చింది. అధ్యాపక సభ్యులను అధ్యాపకుల ప్రతినిధి సభ అయిన అకడమిక్ సెనేట్ నియమించాలి, ట్రస్టీలు తమకు నచ్చిన ప్రొఫెసర్లను పిలిచి కూర్చోబెట్టకూడదు. సభ్యులందరూ గోప్యతా పత్రం మీద సంతకం చేయాలి. మంచి అభ్యర్థులు ఇప్పటికే మరో కాలేజీలో పెద్ద పదవిలో ఉంటారు. పేరు ముందే పొక్కితే అక్కడ వారి పరిస్థితి ఇరకాటంలో పడుతుంది, వెంటనే తప్పుకుంటారు.

ట్రస్టీలు బ్రౌన్ యాక్ట్‌ను క్షుణ్ణంగా తెలుసుకోవాలి. 1953లో వచ్చిన ఈ చట్టం ప్రకారం బోర్డు వ్యవహారాలు బహిరంగంగా జరగాలి. సాధారణ సమావేశపు ఎజెండాను 72 గంటల ముందు ప్రకటించాలి. నియామకం గురించి చర్చించేందుకు మూసిన తలుపుల వెనుక సమావేశం కావచ్చు, కానీ తీసుకున్న నిర్ణయాన్ని బయట ప్రకటించాలి. మనవాళ్లు ప్రత్యేకంగా జాగ్రత్తపడవలసింది వాట్సాప్‌తో. ఐదుగురు సభ్యుల బోర్డులో ముగ్గురు ఒక గ్రూపులో అభ్యర్థుల గురించి మాట్లాడుకుంటే, ఒకరి తర్వాత ఒకరికి ఫోన్ చేసి అభిప్రాయాలు చేరవేసుకున్నా సరే, అది చట్టవిరుద్ధమైన రహస్య సమావేశం కిందికే వస్తుంది. కమిటీ సమావేశాలకు ఈ చట్టం ఎంతవరకు వర్తిస్తుందో జిల్లా న్యాయవాదిని మొదటే అడిగి ఉంచుకోండి.

అర్హత విషయంలో, విద్యా నిర్వాహకులకు రాష్ట్ర నిబంధనలు కోరే కనీస చదువు మాస్టర్స్ డిగ్రీ. దాంతోపాటు సంబంధిత నాయకత్వ అనుభవమో శిక్షణో ఒక ఏడాదైనా ఉండాలి. డాక్టరేట్‌ను ‘ఉంటే మంచిది’ అని రాయడం ఆనవాయితీ. దాన్ని తప్పనిసరి చేస్తే మంచి విద్యార్థి సేవల అధికారులు, ఆర్థిక నిపుణులు కొందరు తలుపు దగ్గరే ఆగిపోతారు. దరఖాస్తులకు మార్కులు వేసే కొలమానం ప్రొఫైల్‌లోని పనుల నుంచే తయారవ్వాలి, దరఖాస్తులు తెరవక ముందే తయారవ్వాలి.

ఇంటర్వ్యూలో అందరికీ ఒకే ప్రశ్నలు, ఒకే సమయం ఇవ్వాలి. ‘మీ నాయకత్వ తత్వం ఏమిటి’ అన్న ప్రశ్నకు అందరూ చక్కగానే చెబుతారు. ‘మీరు మూసేసిన ఒక కార్యక్రమం గురించి చెప్పండి, ఎవరితో ముందు మాట్లాడారు, ఎవరికి చెప్పడం ఆలస్యమైంది’ అంటే మనిషి బయటపడతారు. మీ కాలేజీ బడ్జెట్‌లోని ఒక పేజీ ఇచ్చి, పది నిమిషాల్లో చదివి మాట్లాడమనడం కూడా బాగా పనిచేస్తుంది. అడగకూడనివి కూడా ఉన్నాయి. పెళ్లయిందా, పిల్లలెంతమంది, ఏ ఊరివారు, వయసెంత అన్నవి మనకు పలకరింపులే గానీ, అక్కడ భోజన విరామంలో అడిగినా వివక్ష ఫిర్యాదుకు దారితీస్తాయి. 2018 జనవరి నుంచి అభ్యర్థి పాత జీతం అడగడం కూడా ఆ రాష్ట్రంలో నిషిద్ధం. 1996లో ఓటర్లు ఆమోదించిన 209వ ప్రతిపాదన వల్ల ప్రభుత్వ ఉద్యోగాల్లో జాతిని, లింగాన్ని బట్టి ప్రాధాన్యం ఇవ్వరాదు. వైవిధ్యం కావాలనుకుంటే ప్రకటనను ఎక్కువ చోట్లకు చేర్చి దరఖాస్తుల సంఖ్యను పెంచుకోవడమే మార్గం.

ముగ్గురు నలుగురు తుది అభ్యర్థుల పేర్లు ప్రకటించి, ఒక్కొక్కరితో క్యాంపస్‌లో బహిరంగ సభ పెట్టడం అక్కడ ఆచారం. టెక్సస్ చట్టమైతే తుది ఓటుకు కనీసం 21 రోజుల ముందు పేర్లు ప్రకటించి తీరాలంటుంది. సభలో వచ్చిన అభిప్రాయ పత్రాలను ఓట్లలా లెక్కపెట్టకండి. ఏ వర్గం ఏ విషయంలో భయపడుతోందో వాటిలో చదవండి. ఎక్కువ చప్పట్లు పడినవారే మంచి ప్రెసిడెంట్ అవుతారన్న హామీ లేదు.

తర్వాత విచారణ. సంబంధం కలుపుకునేటప్పుడు అబ్బాయి తరఫువారు ఇచ్చిన ఫోన్ నంబర్లతో సరిపెట్టుకోం కదా, ఇక్కడా అంతే. అభ్యర్థి అనుమతి తీసుకుని జాబితాలో లేనివారితో మాట్లాడాలి: పాత కాలేజీ అధ్యాపక సెనేట్ అధ్యక్షులు, సిబ్బంది సంఘం నాయకులు, ఆర్థిక విభాగంలో పనిచేసినవారు, ఇప్పుడు పదవిలో లేని ట్రస్టీలు. డిగ్రీలను విశ్వవిద్యాలయాల నుంచే నిర్ధారించుకోవాలి. ఆయన హయాంలోని ఆడిట్ నివేదికలు, స్థానిక పత్రికల వార్తలు చదవాలి. వీలైతే ఇద్దరు ట్రస్టీలు ఆ కాలేజీకి స్వయంగా వెళ్లి రావాలి. ఎంపికలో కమిటీకి తెలియని చెడు విషయం నియామకం తర్వాత పత్రికలో మొదటి పేజీలో కనిపించడం కంటే ఈ ప్రయాణ ఖర్చు చాలా చవక.

నిర్ణయం బోర్డుది. ఓటు ఏకగ్రీవమైతే కొత్తవారికి బలం, కానీ ఇష్టం లేనివారి చేత బలవంతంగా చేతులెత్తించిన ఏకగ్రీవం ఆరునెలల్లో పగులుతుంది. ఎవరూ సరిపోరనిపిస్తే అన్వేషణను మళ్లీ తెరవడానికి సిగ్గుపడనక్కరలేదు. ఒప్పందం గరిష్ఠంగా నాలుగేళ్లకు మించరాదు. దాన్ని బహిరంగ సమావేశంలో ఆమోదించాలి, ఆమోదానికి ముందు జీతభత్యాల సారాంశాన్ని నోటితో చదివి వినిపించాలి. జీతం విషయం ప్రత్యేక సమావేశంలో పెట్టకూడదు, సాధారణ సమావేశంలోనే రావాలి. బెల్ అనే చిన్న నగరంలో అధికారులు తమకు తాము భారీ జీతాలు రాసుకున్న కుంభకోణం 2010లో బయటపడ్డాక వచ్చిన కట్టుబాటు ఇది.

ఎంపిక కానివారికి పత్రికా ప్రకటన వెలువడక ముందే బోర్డు అధ్యక్షులు స్వయంగా ఫోన్ చేయాలి. వారిలో ఒకరు మీ కాలేజీ ఉపాధ్యక్షులే అయితే మరీ. కొత్త ప్రెసిడెంట్ వచ్చిన మూడు నెలల్లోపు బోర్డు వారితో కూర్చుని, ప్రొఫైల్‌లో రాసిన ఆ మూడు నాలుగు పనులనే మొదటి ఏడాది లక్ష్యాలుగా రాసుకోవాలి. సంవత్సరాంతపు మూల్యాంకనానికి తేదీ కూడా ఆ రోజే క్యాలెండరులో పెట్టాలి.