కారు ఏసీ మనమే బాగుచేసుకుందాం – 4వ పాఠం: టకటకలాడే ఫ్లాప్ మోటర్‌ని విప్పి చూడటం

పోయిన పాఠం చివర ఒక పని చెప్పా గుర్తుందా, రాత్రి పూట వీధిలో చప్పుడు సద్దుమణిగాక కార్లో కూర్చుని, ఇంజిన్ స్టార్ట్ చెయ్యకుండా కీ మాత్రం ఆన్ చేసి, బ్లోయర్ ఒకటో నంబర్ మీద పెట్టి, టెంపరేచర్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పుతూ డ్యాష్‌బోర్డ్‌లో ఏ మూల శబ్దం వస్తుందో చెవి పెట్టి వినమన్నా. విన్నవాళ్లకి ఈపాటికి తేలిపోయి ఉంటుంది. టెంపరేచర్ తిప్పినప్పుడు టక టక టక మంటే అది మిక్స్ ఫ్లాప్ మోటర్, అంటే చల్లగాలి, వేడిగాలి ఎంతెంత కలవాలో తేల్చే చిన్న తలుపుని (దాన్నే ఫ్లాప్ అంటాం) తిప్పేది. గాలి ముఖానికా కాళ్లకా అద్దానికా అని మార్చినప్పుడు మోగితే మోడ్ మోటర్. బయటి గాలి, లోపలి గాలి బటన్ నొక్కినప్పుడు గ్లవ్ బాక్స్ వెనక మోగితే ఇన్‌టేక్ మోటర్. నాబ్ తిప్పితే కేబుల్ లాగే పాత మాన్యువల్ ఏసీ బళ్లవాళ్లకి మిక్స్ మోటరే ఉండదు, మీకు ఈ పాఠంలో పనికొచ్చేది ఫ్లాప్‌ని చేత్తో తిప్పి చూసే ముక్క వరకే, మిగతాది ఊరికే చదవండి.

విప్పే ముందు ఒక సంగతి. షెడ్డుకి వెళ్తే "మోటర్ పోయింది సార్" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు గానీ నేను ఇప్పటిదాకా విప్పిన వాటిల్లో అసలు మోటర్ కాలిపోయింది చాలా తక్కువ. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దగా ఉండే ఆ నల్ల డబ్బాలో ముగ్గురు కాపురం ఉంటారు. ఒకటి చిన్న డీసీ మోటర్. రెండోది దాని స్పీడ్ తగ్గించి బలం పెంచే ప్లాస్టిక్ పళ్ల చక్రాలు, మూడో నాలుగో ఉంటాయి. మూడోది ఫ్లాప్ ఎక్కడిదాకా తిరిగిందో ఏసీ ప్యానెల్‌కి చెప్పే నల్లటి కార్బన్ పట్టీ, అంటే మన పాత రేడియో వాల్యూమ్ కంట్రోల్‌లో ఉండేదే. ఈ ముగ్గురిలో ఎవరు చెడినా బయటికి కనిపించే జబ్బు దాదాపు ఒకటే, అందుకే మొత్తం డబ్బా మార్చెయ్యమంటారు.

శబ్దం ఎందుకొస్తుందో అర్థమైతే సగం రిపేర్ అయిపోయినట్టే. ప్యానెల్ ఆ కార్బన్ పట్టీకి 5 వోల్టులు ఇస్తుంది, దాని మీద జారే ముల్లు దగ్గర ఎంత వోల్టేజ్ తిరిగొచ్చిందో చూసుకుని ఫ్లాప్ ఎక్కడుందో లెక్క కట్టుకుంటుంది. మీరు 24 డిగ్రీలు పెడితే ఫ్లాప్ ఇక్కడికి రావాలి, అంటే 2 వోల్టులు రావాలి అనుకోండి, ఆ 2 వోల్టులు వచ్చేదాకా మోటర్‌ని తిప్పుతూనే ఉంటుంది. మధ్యలో ఒక చక్రానికి పన్ను విరిగిందనుకోండి, మోటర్ తిరుగుతుంది, చక్రం ఆ ఖాళీ దగ్గర జారి టక్ మని వెనక్కి పడుతుంది, వోల్టేజ్ మారదు, ప్యానెల్ ఇంకా తిప్పమంటుంది, మళ్లీ టక్. కాసేపటికి విసుగొచ్చి ఆపేస్తుంది. మీరు మళ్లీ కీ ఆన్ చెయ్యగానే మళ్లీ మొదలు.

మా బాబాయ్ది గుంటూరు. మే నెలలో ఆయన కార్లో ఏసీ వేస్తే వేడి గాలి కొడుతోందని ఒక షెడ్డులో గ్యాస్ కొట్టించారు, వారం పోయాక మళ్లీ అదే గోల, మళ్లీ కొట్టించారు. నేను వెళ్లినప్పుడు "ఒరేయ్, ఈ ఏసీకి పోసిన గ్యాస్‌తో మీ పిన్ని ఏడాది వంట చేసేదిరా" అన్నారు. బానెట్ ఎత్తి చూస్తే లావు ఏసీ పైపు చల్లగా, నీళ్ల చుక్కలు పట్టి ఉంది, లోపల వెంట్‌లో మాత్రం సెగ. అంటే గ్యాస్ బాగుంది, కూలింగ్ కాయిల్ చల్లబరుస్తోంది, ఆ చల్లగాలిని మిక్స్ ఫ్లాప్ తీసుకెళ్లి హీటర్ మీదుగా పంపిస్తోంది. లావు పైపు చల్లగా ఉండి వెంట్‌లో వేడి వస్తుంటే గ్యాస్ జోలికి వెళ్లకండి. తర్వాత వచ్చే కొలతలన్నీ బాబాయ్ మోటర్‌వే.

సరే, పనిలోకి దిగుదాం. బ్యాటరీ నెగటివ్ తీసి కనీసం పది నిమిషాలు ఆగండి, ఎందుకంటే గ్లవ్ బాక్స్ పైన ప్యాసింజర్ ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది, వైర్లలో పసుపు రంగు కప్లర్ (తీగల్ని కలిపే ప్లాస్టిక్ సాకెట్) గానీ పసుపు గొట్టం గానీ కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగ్ లైన్, దాన్ని ముట్టుకోవద్దు, మల్టీమీటర్ అసలే పెట్టొద్దు. ఈ విషయంలో నాతో వాదన పెట్టుకోకండి.

మోటర్‌ని రెండు మూడు స్క్రూలే పట్టుకుని ఉంటాయి, కష్టమంతా చెయ్యి దూర్చడంలోనే. యాక్సిలరేటర్ పెడల్ పక్కన తల కిందులుగా పడుకుని టార్చ్ నోట్లో పెట్టుకోవాల్సి వస్తుంది. పొట్టి స్టార్ స్క్రూడ్రైవర్ కొనండి, కొన మీద చిన్న అయస్కాంతం ముక్క రుద్దండి, లేకపోతే స్క్రూ కార్పెట్ కిందకి పోయి పావుగంట వెతుక్కుంటారు. స్క్రూలు తియ్యకముందే మోటర్ ఇరుసు ఏ వైపు తిరిగి ఉందో ఫోన్‌లో ఫొటో తీసి, వైట్ మార్కర్‌తో డబ్బాకీ ఇరుసుకీ కలిపి ఒక గీత గియ్యండి. ఈ గీత గియ్యక నేను మొదటిసారి ఒక ఆదివారమంతా పోగొట్టుకున్నా.

మోటర్ బయటికొచ్చాక వెంటనే దాన్ని విప్పకండి, ముందు ఫ్లాప్ ఇరుసుని రెండు వేళ్లతో తిప్పండి. ఈ చివర నుంచి ఆ చివరకి మెత్తగా, ఒకే బరువుతో తిరగాలి. ఎక్కడైనా గట్టిగా పట్టేస్తే మోటర్ తప్పు లేదు, దాని దారికి ఏదో అడ్డం పడింది, ఆ బరువు లాగలేకే పన్ను విరిగింది, కొత్త మోటర్ వేసినా నెల తిరక్కుండా ఇదే కథ. మన కార్లలో అడ్డం పడేవి నాకు బాగా తెలుసు: డ్యాష్‌బోర్డ్ మీద వెంకన్న బొమ్మ ముందు పెట్టిన పూలు ఎండి అద్దం కింది గ్రిల్‌లోంచి లోపలికి పోతాయి, రూపాయి బిళ్లలు పోతాయి. పాత కార్లలో టోల్ చీటీలు కూడా దొరుకుతాయి, 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక ఆ బెడద తగ్గింది. ఇన్‌టేక్ ఫ్లాప్ దగ్గరైతే ఎలకలు. చెట్టు కింద పెట్టే బండి అయితే ఆపేముందు లోపలి గాలి బటన్ నొక్కి ఆపండి, బయటి గాలి దారి మూసుకుని ఉంటుంది.

ఫ్లాప్ బాగానే తిరిగిందా, అయితే ఇప్పుడు మీటర్ తీయండి. హైదరాబాద్ వాళ్లకి ఎలక్ట్రానిక్స్ సామాన్లు అమ్మే కోఠి గుజరాతీ గల్లీ ఉండనే ఉంది, ఈ పనికి ఖరీదైన మీటర్ అక్కర్లేదు, ఇంకా చెప్పాలంటే ముల్లు ఉండే పాత రకం మీటర్ దొరికితే అదే నయం, ఎందుకో చెప్తా.

బాబాయ్ మోటర్‌కి ఐదు పిన్నులున్నాయి. రెండు మోటర్‌వి, మూడు కార్బన్ పట్టీవి. ఏవి ఏవో కనుక్కోవడం ఇలా: మీటర్ ఓమ్స్‌లో పెట్టి రెండేసి పిన్నుల మధ్య కొలుస్తూ పోండి. ఒక జత దగ్గర మాత్రం 38 ఓమ్స్ చూపించింది, అంత తక్కువ చూపించేది మోటర్ జత. మిగతా మూడింటిలో ఒక జత మధ్య 4.7 కిలో ఓమ్స్, ఇరుసు ఎక్కడ ఆగి ఉన్నా అది మారదు, అంటే అవి పట్టీ రెండు చివరలు. మిగిలిన పిన్ను జారే ముల్లు. ముల్లుకీ ఒక చివరకీ మధ్య 1.5 ఉంటే ముల్లుకీ రెండో చివరకీ మధ్య 3.2 వచ్చింది, రెండూ కలిపితే 4.7, లెక్క కుదిరింది. మీ బండిలో అంకెలు వేరేగా ఉంటాయి, కూడిక మాత్రం ఇలాగే కుదరాలి.

ఇప్పుడు ముల్లు పిన్నుకీ ఒక చివరకీ మీటర్ పెట్టి ఉంచి ఇరుసుని తిప్పించాలి. చేత్తో తిరగదు, బలవంతం చెయ్యొద్దు, పళ్లు పోతాయి. మోటర్ జతకి 9 వోల్టుల బ్యాటరీ తగిలించండి, నెమ్మదిగా తిరుగుతుంది, తీగలు తారుమారు చేస్తే వెనక్కి తిరుగుతుంది, చివరకి తగలగానే తీసేయాలి. బ్యాటరీని పొరపాటున పట్టీ పిన్నులకి తగిలించారా, ముల్లు ఒక చివర ఉన్నప్పుడైతే ఆ పట్టీ కాలిపోతుంది, అందుకే పిన్నులు తేల్చుకునేదాకా బ్యాటరీ జేబులోనే ఉంచండి. తిరుగుతున్నప్పుడు అంకె నునుపుగా ఎక్కుతూ పోవాలి. బాబాయ్‌దాంట్లో 0.6 నుంచి ఎక్కుతూ ఎక్కుతూ 1.1 దగ్గర ఒక్క క్షణం మీటర్ ఖాళీ అయిపోయి మళ్లీ 1.2 నుంచి అందుకుంది. డిజిటల్ మీటర్ అంకె మార్చడానికి కాస్త టైం తీసుకుంటుంది కాబట్టి ఇలాంటి చిన్న గుంట ఒక్కోసారి దానికి దొరకదు, ముల్లు మీటర్‌లో అయితే ముల్లు ఎగిరిపడటం కంటికి కనిపిస్తుంది.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ఐదు పిన్నులుంటే అన్నీ ఇదే రకం అనుకోకండి. ఒక పిన్నుకీ మిగతా నాలుగింటికీ మధ్య ఒకే ఓమ్స్ చూపిస్తే అది స్టెప్పర్ మోటర్, బ్యాటరీ పెడితే ఒక్కసారి కదిలి నిలబడిపోతుంది, తిరగదు. కొత్త కార్లలో మూడే తీగలుండి లోపల చిప్ ఉండే రకం కూడా వస్తోంది, వాటికి కారు కంప్యూటర్‌తో మాట్లాడే స్కానర్ కావాలి, అది ఏడో పాఠంలో. ఆ రెండు రకాల వాళ్లు ఇక్కడి కరెంటు పరీక్షలు వదిలేసి పళ్ల ముక్కకి వెళ్లిపోండి, పళ్లు మాత్రం అందరికీ ఒకటే.

డబ్బా చుట్టూ నాలుగో ఆరో క్లిప్పులుంటాయి. స్క్రూడ్రైవర్‌తో తిరగేసి పెకలిస్తే విరుగుతాయి, కాలం చెల్లిన ఏటీఎం కార్డు దూర్చి ఒక్కోటి లేపుకుంటూ పోండి. మూత పైకొచ్చాక చక్రాలు కదలకముందే ఇంకో ఫొటో. తర్వాత చక్రాలు ఒక్కొక్కటే తీసి, తీసిన వరసలోనే తెల్ల కాగితం మీద పేర్చండి, ప్రతి చక్రాన్నీ టార్చ్ వెలుతురులో గుండ్రంగా తిప్పి పళ్లు చూడండి. విరిగిన పన్ను ముక్క గ్రీజులో ఎక్కడో అంటుకుని ఉంటుంది, అది దొరికేదాకా డబ్బా తుడుస్తూనే ఉండండి, లేకపోతే అదే పోయి ఇంకో చక్రంలో ఇరుక్కుంటుంది.

పన్ను విరిగితే ఏం చెయ్యాలి? ఫెవిక్విక్ మాత్రం వద్దు. ఆ చక్రాలు ఎక్కువగా జారుడు ప్లాస్టిక్‌తో చేస్తారు, జిగురు సరిగ్గా పట్టుకోదు, నేను అతికించింది మూడో రోజు ఊడింది. ఆటోనగర్ స్క్రాప్ షాపుల్లో అదే మోడల్ మోటర్ పాతది దొరికితే చక్రం మార్చుకోవచ్చు, పైన పార్ట్ నంబర్ చూసి తీసుకోండి, కంటికి ఒకేలా ఉన్నా పళ్ల లెక్క తేడా వస్తుంది. ఇంకో కిటుకు ఉంది, అన్నిసార్లూ కుదరదు. ఆఖరి చక్రం, అంటే ఫ్లాప్‌కి తగులుకునేది, గుండ్రంగా చుట్టూ పళ్లున్నా తిరిగేది మాత్రం సగం చుట్టు లోపే, అంటే మిగతా సగం పళ్లు ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు కొత్తగా ఉంటాయి. ఆ చక్రాన్ని 180 డిగ్రీలు తిప్పి పెడితే విరిగిన చోటు పనిలోకే రాదు. కాకపోతే రెండు చూసుకోవాలి: ఫ్లాప్ ఇరుసు దూరే కంత అటు తిప్పినా ఇటు తిప్పినా ఒకేలా ఉండాలి, జారే ముల్లు ఆ చక్రానికే అంటించి ఉండకూడదు. అంటించి ఉంటే చక్రంతో పాటు ముల్లూ అవతలికి పోయి ప్యానెల్‌కి అడ్డదిడ్డం లెక్కలు చెప్తుంది. మధ్య చక్రాలకి ఈ కిటుకు పనిచెయ్యదు, అవి పూర్తి చుట్లు తిరుగుతాయి. బాబాయ్‌దాంట్లో విరిగింది ఆఖరి చక్రమే, ముల్లు విడి ముక్క, అదృష్టం.

కార్బన్ పట్టీ సంగతికొస్తే, పాత గ్రీజు కరిగి దాని మీదకి పాకి దుమ్ముతో కలిసి జిడ్డు పొరలా పడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది పుల్ల ముంచి ఒకే వైపుకి, బరువు వెయ్యకుండా తుడవండి. గరుకు కాగితం పెట్టి రుద్దారంటే కార్బనే లేచిపోతుంది, ఇక అది పనికి రాదు. తుడిచాక వెలుతురులో ఏటవాలుగా పట్టి చూస్తే ముల్లు నడిచిన దారి మెరుస్తూ కనిపిస్తుంది, ఆ దారిలో ఎక్కడైనా కింది తెల్ల రంగు బయటపడితే పట్టీ అరిగిపోయిందని, తుడిచి లాభం లేదు. ముల్లు కాళ్లు వంగిపోయి ఉంటే సూది మొనతో వెంట్రుకవాసి కిందకి నొక్కండి, అంతకన్నా ఎక్కువ వద్దు.

గ్రీజు సిలికాన్ది వెయ్యండి, బేరింగులకి కొట్టే పసుపు గ్రీజు వద్దు. బియ్యపు గింజంత చాలు. పట్టీ వైపుకి చుక్క కూడా పోకూడదు.

మూత వేసి మళ్లీ 9 వోల్టులు పెట్టి, మీటర్‌లో అంకె నునుపుగా ఎక్కుతోందో లేదో చూసి, ఇరుసుని మార్కర్ గీతకి తెచ్చి ఆపండి. బిగించే వరస ముఖ్యం: ముందు మోటర్‌ని ఫ్లాప్‌కి తగిలించి స్క్రూలు, తర్వాత కప్లర్, ఆఖర్న బ్యాటరీ. మోటర్ గాల్లో వేలాడుతుండగా కీ ఆన్ చేస్తే అది ఒక చివరకి పరిగెత్తి కూర్చుంటుంది, గీత తప్పుతుంది, మళ్లీ మొదటికి. అంతా అయ్యాక కీ ఆన్ చేసి ఏ బటనూ ముట్టుకోకుండా ఓ నిమిషం ఆగండి, చాలా బళ్లలో ప్యానెల్ తనంతట తనే ఫ్లాపుల్ని రెండు చివరలకీ నడిపి హద్దులు గుర్తుపెట్టుకుంటుంది, ఆ గిర్ గిర్ శబ్దం మామూలే. కొన్నింట్లో ప్యానెల్ మీద రెండు బటన్లు కలిపి నొక్కిపట్టాలి, ఏవన్నది ఆ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్‌లోనే ఉంటుంది, ఊహించి నొక్కకండి.

బాబాయ్ బండిలో సాయంత్రం నాలుగింటికి వెంట్‌లో థర్మామీటర్ పెడితే 9 డిగ్రీలు చూపించింది. పిన్ని వచ్చి ముందు సీట్లో కూర్చుని దిగనంది.

వచ్చే పాఠానికి పని: మీ మోటర్ ఐదు పిన్నుల కొలతలు ఒక కాగితం మీద రాసి ఉంచుకోండి. ఐదో పాఠంలో డబ్బా బాగున్నా ఫ్లాప్ కదలని బళ్ల గురించి, అంటే ప్యానెల్ నుంచి మోటర్ దాకా వచ్చే తీగల్లో కరెంటు ఎక్కడ ఆగిపోతోందో వెతకడం గురించి, అప్పుడు ఈ అంకెలు కావాలి.