బాదం వన్నె టంబ్లర్: జత కట్టించడం, పిల్లలను దక్కించుకోవడం

ఇంగ్లిష్ పొట్టిముక్కు టంబ్లర్ అనే పావురాల జాతిలో బాదం వన్నె పక్షిని పెంచదలచినవారు ముందుగా గ్రహించవలసిన సంగతి ఒకటుంది. ఈ పక్షి గుడ్లు పెడుతుంది, పొదుగుతుంది. కానీ పిల్లలను దక్కించే పని చాలావరకు పెంపకందారు మీదనే పడుతుంది.

లండన్ పెంపకందారులు తరతరాలుగా ఏరి ఏరి జత కట్టించి నిలిపిన పక్షి ఇది. 1735లో జాన్ మూర్ అచ్చువేయించిన పావురాల గ్రంథంలోనే దీని ప్రస్తావన ఉంది. 1802లో విండస్ ఈ ఒక్క వన్నె మీదనే పుస్తకం రాశాడు. 1855లో పావురాలు పెంచడం మొదలుపెట్టి, లండన్‌లోని రెండు పావురాల సంఘాలలో చేరిన చార్లెస్ డార్విన్, పొట్టిముక్కు టంబ్లర్ ముక్కు దాదాపు ఫించ్ పక్షి ముక్కులా ఉంటుందని 1859లో రాశాడు. వీటిలో మేలైన పక్షుల పిల్లలు బయటపడేవాటికంటే గుడ్డులోనే చనిపోయేవి ఎక్కువని, అందుకే పెంపకందారులు గుడ్డు పగిలేటప్పుడు సాయం చేస్తారని తాను విన్నట్లు కూడా ఆయన పేర్కొన్నాడు.

పాతకాలం నుంచి దీనిలో ఐదు లక్షణాలు చూస్తారు: నిలబడే తీరు, తల, ముక్కు, కన్ను, ఈకల రంగు. రొమ్ము పైకెత్తి మునివేళ్ల మీద నిలిచినట్టుండాలి. నుదురు ఎత్తుగా, వెడల్పుగా, కన్ను ముత్యపు తెలుపులో ఉండాలి. ఒంటి రంగు బాదం పెంకు లోపలి పసుపును పోలి, దాని మీద నల్లని చారలు చెదిరి ఉండాలి. రెక్క, తోక ఈకలలో నలుపు, తెలుపు, పసుపు మూడూ కనిపించాలి.

జత కట్టించేటప్పుడు రెండు బాదం పక్షులను ఎన్నడూ కలపకూడదు. ఈ రంగునిచ్చే జన్యువు లింగ క్రోమోజోము మీద ఉంటుంది (పోతుకు ఇవి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి, పెట్టకు తండ్రి నుంచి ఒకటే); తల్లి నుంచీ తండ్రి నుంచీ అది అందిన పోతు పిల్లలు దాదాపు తెల్లగా, తరచుగా కంటి లోపాలతో పుడతాయి, చాలావరకు బతకవు. అటువంటి జత పిల్లలలో సగటున నాలుగింట ఒకటి ఇలా ఉంటుంది. ఒక జన్యుఖండం ఎక్కువ ప్రతులుగా పేరుకోవడంతో ఈ వన్నెకు సంబంధం ఉందని 2020లో ఉటా విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపారు. పిల్లలు ఇలా పోకుండా బాదం పక్షికి కైట్ అనే కంచు మెరుపు నల్ల పక్షిని జత చేయాలి. పోతు కైట్, పెట్ట బాదం అయితే పోతు పిల్లలన్నీ బాదం వన్నెతో వస్తాయి, పెట్ట పిల్లలకు ఆ వన్నె రాదు; అందువల్ల ఈకలు రాగానే పోతేదో పెట్టేదో తెలిసిపోతుంది. నాకు ఈ జతే మేలనిపిస్తుంది.

ముక్కు మరీ పొట్టిదైనందున తల్లిదండ్రులు పిల్ల నోటికి పాలు సరిగా అందించలేవు. అందుకని ముక్కు మామూలుగా ఉన్న టంబ్లర్ జంటను పెంపుడు తల్లిదండ్రులుగా పెట్టుకోవాలి. పావురం పాలు ఆడ, మగ రెండింటికీ గొంతు కింది సంచి లోపలి పొరలో, పొదిగే కాలం చివరన తయారవుతాయి. పిల్ల మొదటి రోజులలో వాటి మీదనే బతుకుతుంది. కాబట్టి రెండు జంటలూ ఒకటి రెండు రోజుల తేడాలోనే గుడ్లు పెట్టి ఉండాలి. పెంపుడు జంట ఆలస్యంగా పెడితే పిల్ల బయటికొచ్చేనాటికి పాలు ఉండవు. చాలా ముందు పెడితే విసిగి గూడు వదిలేస్తుంది. ప్రతి గుడ్డు మీదా పెన్సిలుతో తేదీ రాసి మార్చాలి. కన్న జంట గూడు ఖాళీగా వదలకుండా ఉత్తుత్తి గుడ్లు పెట్టాలి. లేకపోతే పెట్ట వెంటవెంటనే మళ్లీ గుడ్లు పెట్టి నీరసించిపోతుంది.

పదిహేడు, పద్దెనిమిదో రోజున గుడ్డును జాగ్రత్తగా గమనించాలి. పెంకు మీద పగులు కనిపించి, గంటలు గడిచినా ముందుకు సాగకపోతే, గోరువెచ్చని నీటితో తడిపిన దూదిని పగులు చుట్టూ అద్ది, గోటితో చిన్న చిన్న ముక్కలుగా పెంకు తీయాలి. లోపలి పొర మీద ఎర్రటి నరం కనిపించినా, రక్తం చెమర్చినా వెంటనే ఆపి గుడ్డును గూటిలో పెట్టేయాలి. రక్తం పిల్ల ఒంట్లోకి ఇంకా పూర్తిగా చేరలేదని దాని అర్థం, తొందరపడితే పిల్ల దక్కదు.

ఎదిగిన పిల్ల రంగు చూసి తొందరగా తీర్పు చెప్పవద్దు. మొదటి ఈకలలో వెలిసినట్టున్న పక్షి ఈకలు రాల్చిన ప్రతిసారీ నల్లని చారలు పెంచుకుంటుంది కనుక, కనీసం రెండోసారి ఈకలు మార్చేవరకు ఉంచుకుని, ఆ తర్వాతే జతకు ఏరాలి.