బీడులో ప్రాణమున్న మట్టిపొరను కాపాడటం

బెంగళూరు శివార్లలో, హోసకోటె, దేవనహళ్లి వైపు ఎర్రనేలల్లో గొర్రెలు మేపే మనవాళ్లు గడ్డి దుబ్బుల మధ్య నల్లగా, గరుకుగా ఉండే పొరను తొక్కనివ్వకండి. సయనోబ్యాక్టీరియా (ఎండను వాడుకుని బతికే సూక్ష్మజీవులు), నాచు, లైకెన్లు (శిలీంధ్రం, పాచి కలిసి బతికే జీవాలు) అల్లిన ఆ పొరే మట్టిని పట్టి ఉంచుతుంది.

వాన దెబ్బకు గట్టిపడ్డ ఉత్తి మట్టిపెళ్ల కూడా పైకి అలాగే ఉంటుంది. రూపాయి బిళ్లంత ముక్కను చాకుమొనతో లేపి అంచు చూడండి. ఇసుక రేణువులు సన్నటి దారాలకు వేలాడుతుంటే ప్రాణమున్నదే. నీళ్ల గిన్నెలో వేయండి: ఉత్తి పెళ్ల అయిదు నిమిషాల్లో విడిపోయి బురదవుతుంది, ప్రాణమున్న పొర ముక్కగానే నిలుస్తుంది. తడి తగిలిన కాసేపటికే పచ్చబడటం చూస్తే ముచ్చటేస్తుంది.

ఎండకు ఈ పొర అప్పడంలా పెళుసెక్కుతుంది. ఇసుకనేలలో గిట్ట పడితే పొడై, తొలకరికి కొట్టుకుపోతుంది. అందుకే మార్చి నుంచి మే దాకా మందను అటు తోలకండి. వానలు పడి గడ్డి జానెడు లేచాక తోలండి. బంకనేలలో మాత్రం తడిగా ఉన్నప్పుడే గిట్టలు దిగబడి చెడుతుంది, అక్కడ ఆరేదాకా ఆగాలి. నీళ్లతొట్టిని ఇప్పటికే నలిగిన చోటే పెట్టండి. మంద అక్కడే గుమిగూడుతుంది.

వాలులో కోత మొదలైతే ఒకే మట్టం వెంట అడుగెత్తు రాళ్లకట్ట వేయండి. కింది వరుసను నాలుగు అంగుళాలు పాతకపోతే నీరు అడుగునుంచి దూరి కట్టను కూలుస్తుంది.