ఇరవైలో మొదలుపెట్టినా యాభైలో మొదలుపెట్టినా: సీమ దారుల్లో అడ్వెంచర్ బైక్

తారు రోడ్డు మీదే కాకుండా మట్టి, ఇసుక దారుల్లో కూడా పోయే అడ్వెంచర్ బైకుల గురించి అనంతపురంలో అడిగేవాళ్లు రెండు రకాలు. ఇరవై కూడా నిండని కుర్రోడు నేరుగా "అన్నా, లడఖ్ పోవాలంటే ఏ బండి" అంటాడు. యాభై దాటినాయన మాత్రం టీ అయిపోయేదాకా ఏవేవో మాట్లాడి, చివర్లో గొంతు తగ్గించి "ఈ వయసులో మొదలుపెడితే జనం నవ్వుతారేమో కదప్పా" అంటాడు. ఇద్దరికీ నా జవాబు ఒకటే. ధైర్యం ఎంతుందో చూసుకోవద్దు, పడితే తేరుకోవడానికి ఎన్నాళ్లు పడుతుందో చూసుకోండి. మట్టి దారిలో పడటం ఖాయం, అందరూ పడతారు. ఇరవైలో మోచెయ్యి గీరుకుపోతే వారంలో మానిపోతుంది, యాభై ఐదులో మణికట్టు బెణికితే నెల దాటినా చొక్కా గుండీ పెట్టుకోవడానికి ఇంకొకరిని పిలవాల్సి రావచ్చు. బండి బరువెంత ఉండాలి, రోజుకెంత దూరం పోవాలి, ఎవరితో పోవాలి, అన్నీ ఆ లెక్క మీదే తేలతాయి.

ముందు కాగితాల పని. గేర్ల బండికి లైసెన్సు 18 నిండాకే. పదో తరగతి పిల్లోడికి బండి తాళాలిచ్చి మురిసిపోయే నాన్నలు ఒక సంగతి గుర్తు పెట్టుకోవాలి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత మైనర్ బండి నడిపి దొరికితే పెద్దవాళ్లకి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు, ఆ పిల్లోడికి 25 ఏళ్లొచ్చేదాకా లైసెన్సు రాదు. నలభై దాటినవాళ్లు లైసెన్సు తీసుకున్నా రెన్యువల్ చేయించినా డాక్టరు సంతకంతో ఫారం 1ఎ పెట్టాలి. గడువు కూడా వయసును బట్టి మారుతుంది: ముప్పై లోపు తీసుకుంటే నలభై వచ్చేదాకా, ముప్పై నుంచి యాభై మధ్య అయితే పదేళ్లు, యాభై నుంచి యాభై ఐదు మధ్య అయితే అరవై వచ్చేదాకా, ఆ పైన ఐదేళ్లకోసారి. బీరువాలో ఉన్న పాత లైసెన్సు ఒకసారి బయటికి తీసి తేదీ చూడండి. గడువు దాటిందని ఇన్సూరెన్సు క్లెయిము దగ్గర తెలిస్తే అప్పుడు చేసేదేమీ ఉండదు.

ఇక బండి. వీడియోలు చూసి ఇంజను సీసీల గురించి గంటలు వాదించుకుంటారు గానీ, చూడాల్సింది బరువు, సీటు ఎత్తు. మనందరికీ అలవాటైన స్ప్లెండర్ దాదాపు 112 కిలోలు. అడ్వెంచర్ బండ్లలో హీరో ఎక్స్‌పల్స్ 200 సుమారు 160, సుజుకీ వి-స్ట్రామ్ ఎస్‌ఎక్స్ 167, రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 అయితే 196. సీటు ఎత్తు ఈ మూడింటికీ 825, 835 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది కాబట్టి ఐదున్నర అడుగుల మనిషికి రెండు మడమలూ నేలకి ఆనవు. దానికి భయపడక్కర్లేదు, ఆగేటప్పుడు పిర్ర కొంచెం ఒక పక్కకి జరిపి ఒక కాలు పూర్తిగా ఆనిస్తే చాలు, రెండో కాలు పెగ్ (కాలు పెట్టుకునే రాడ్డు) మీదే ఉండొచ్చు. కానీ ఇది షోరూమ్ టైల్స్ మీద కాకుండా, కొంచెం వాలుగా ఉన్న చోట ప్రయత్నించి చూడాలి. టెస్ట్ రైడ్ అడిగితే మొహం చిట్లించే షోరూములో కొనకండి. నలభై దాటి మొదటిసారి వచ్చేవాళ్లకి నా మాట: జేబులో డబ్బుందని నేరుగా పెద్ద బండికి పోవద్దు, 170 కిలోల లోపు దాంతో ఏడాది తిరగండి. పైగా 2025 సెప్టెంబరు నుంచి 350 సీసీ లోపు బండ్లకి జీఎస్టీ 18 శాతం, ఆ పైన 40 శాతం. ఆ మిగిలిన డబ్బుతో చీలమండ కప్పే బూట్లు, మోకాలి గార్డులు, మంచి హెల్మెట్ వచ్చేస్తాయి.

కుర్రాళ్ల సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే వాళ్లెట్లాగూ వినరు. మీకున్న ఇబ్బంది ఒళ్లు కాదు, ఈఎమ్‌ఐ. ఉన్నదంతా బండికే పోసి చెప్పులతో తిరుగుతారు. ఇంట్లో ఉన్న పల్సర్‌తోనో స్ప్లెండర్‌తోనో బేలం గుహలు, యాగంటి, గండికోట చుట్టి రండి, మట్టి దారి ఇంకా కావాలనిపిస్తే అప్పుడు కొనండి. బూట్లు మాత్రం బండి కన్నా ముందు కొనండి. 44 నంబరు హైవే మీద స్పీడోమీటరు ఫొటో తీయడం అడ్వెంచర్ కిందికి రాదు.

ముప్పై నుంచి నలభై ఐదు వాళ్లకి ఒళ్లు బాగానే ఉంటుంది, టైమే ఉండదు. పిల్లల పరీక్షలు, ఆఫీసు, ఊళ్లో పెళ్లిళ్లు. అందుకే నెలకో ఆదివారం తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరి మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉండేట్టు పెట్టుకోండి. తాడిపత్రి మీదుగా గండికోట, పెనుకొండ మీదుగా లేపాక్షి, కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను, ఏదైనా పర్లేదు. దారిలో ఉగ్గాణి బజ్జీ తిని వెనక్కి తిరగొచ్చు. ఇంట్లోవాళ్ల టెన్షన్ తగ్గాలంటే మాటలు కాదు, కాగితం చూపించాలి: బండి ఓనరుకి 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా తప్పనిసరి, అది పాలసీలో ఉందా లేదా చూసుకోండి, దాంతోపాటు టర్మ్ ఇన్సూరెన్సు కూడా తీసుకోండి. ఇన్నాళ్లూ స్కూటీ నడిపిన అక్కలు ఈ వయసులోనే ఎక్కువగా వస్తున్నారు. వాళ్లకి బ్యాలెన్సు ముందే ఉంటుంది, నేర్చుకోవాల్సింది క్లచ్, గేర్లు, కాలి బ్రేకు. నేను చూసినంతలో మగాళ్ల కన్నా తొందరగా పట్టేస్తారు, ఎందుకంటే రాదని ఒప్పుకుని అడుగుతారు.

యాభై దాటినవాళ్ల దగ్గర కొంచెం ఆగాలి. మొదట చత్వారం. హ్యాండిల్ మీద పెట్టిన ఫోన్లో మ్యాపు కనపడదు, కళ్లజోడు దించి చూద్దామనుకునే లోపల గుంత వస్తుంది. దారి ఇంట్లోనే చూసుకుని మలుపులు పెద్దక్షరాలతో కాగితం మీద రాసి ట్యాంక్ మీద అంటించుకోండి, లేదా మ్యాపు చెప్పే దారి ఇయర్‌ఫోన్లో వినండి. రాత్రి నడపొద్దు. శుక్లం మొదలైన కంటికి ఎదురు లారీ లైటు పడితే కొన్ని సెకన్లు ఏమీ కనపడదు, ఇక్కడ ఊళ్ల దగ్గర గొర్రెల మందలు, లైట్లు లేని ట్రాక్టర్లు సరిగ్గా ఆ సెకన్లలోనే ఎదురవుతాయి. షుగరు ఉన్నవాళ్లకి ఇంకో సంగతి: అరికాళ్లు మొద్దుబారితే వెనక బ్రేకు ఎంత నొక్కుతున్నామో తెలియదు, ఇది డాక్టరుతో చెప్పి పరీక్ష చేయించుకోవాలి. టిఫిన్ వాయిదా వేసి నడపడం వద్దు, జేబులో గ్లూకోజ్ ఉండాలి. బీపీ మాత్రల్లో కొన్ని నీరు ఎక్కువగా పోయేట్టు చేస్తాయి, వయసు పెరిగేకొద్దీ దాహం కూడా సరిగ్గా తెలియదు, కాబట్టి దాహం అయినప్పుడు కాకుండా గంటకోసారి ఆగి తాగండి. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్లు తలకి చిన్న దెబ్బ తగిలినా, బాగానే ఉందనిపించినా, ఆసుపత్రికి పోవాల్సిందే. వేసుకునే మాత్రల పేర్లు, బ్లడ్ గ్రూపు, ఇంటి నంబరు ఒక చీటీ మీద రాసి జాకెట్ జేబులో పెట్టుకోండి, 108 వాళ్లకి పనికొస్తుంది.

ఒళ్లు సిద్ధం చేసుకోవడానికి జిమ్ అక్కర్లేదు. రోజూ కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం, మెట్ల అంచు మీద మునివేళ్లతో లేచి దిగడం, రెండు మూడు నెలలు చేయండి. మట్టి దారిలో బండి మీద నిలబడాలి కదా, నిలబెట్టేది తొడలూ పిక్కలే. నడుము నొప్పి ఉందని కూర్చునే నడిపేవాళ్లు పొరపాటు పడుతున్నారు, గుంతల్లో కూర్చుంటే ప్రతి దెబ్బా వెన్నుకే తగులుతుంది, నిలబడితే మోకాళ్లు స్ప్రింగుల్లా మింగేస్తాయి. పాదం ముందు భాగం పెగ్ మీద, మోకాళ్లతో ట్యాంకును మెల్లగా పట్టి, మోచేతులు బయటికి వంచి, చూపు దూరంగా. సరిగ్గా నిలబడ్డారో లేదో తెలియాలంటే హ్యాండిల్ మీద వేళ్లు వదులు చేసి చూడండి. ముందుకో వెనక్కో తూలిపోతే బరువు ఇంకా చేతుల మీదే ఉన్నట్టు.

దీనికి వేసవిలో ఎండిన చెరువు కన్నా మంచి చోటు లేదు. ఊరి పక్కనే ఉంటుంది, రాళ్లు తక్కువ, బండ్లు రావు. పొద్దున ఎనిమిది లోపల పని ముగించండి, మే నెలలో కర్నూలు వైపు 44 డిగ్రీలు దాటడం మామూలే. మొదటి గేరులో నిలబడి నడక వేగంతో పోవడం, ఎనిమిది అంకె ఆకారంలో తిప్పడం, వెనక ఏబీఎస్ (బ్రేకు పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసేది) ఆపే వీలుంటే ఆపి బ్రేకు పట్టి చక్రం జారడం ఎలా ఉంటుందో చూడటం, కట్ట ఎక్కుతూ మధ్యలో ఆగి మళ్లీ కదలడం. ఇవి వచ్చాకే బయటి దారి.

పడిన బండిని లేపడం కూడా అక్కడే నేర్చుకోవాలి, నడుములు పట్టేసేది ఇక్కడే. ముందు ఇంజను ఆపండి, తొందరపడొద్దు, ఊపిరి పీల్చుకోండి. బండి కుడి పక్కకి పడితే సైడ్ స్టాండు ముందే దించండి, లేపాక అటు పక్కకి పడిపోకుండా ఆగుతుంది. కదలకుండా గేరులో పెట్టండి. హ్యాండిల్‌ను పడిన వైపుకే పూర్తిగా తిప్పి, బండికి వీపు చూపించి, పిర్రలు సీటు అంచుకి ఆనించి కూర్చున్నట్టు వంగండి. ఒక చేత్తో కింద ఉన్న గ్రిప్పు, రెండో చేత్తో వెనక రాడ్డు. చేతులు వంచకుండా, వీపు నిటారుగా ఉంచి, కాళ్లతో నేలను తోస్తూ చిన్న చిన్న అడుగులతో వెనక్కి నడవండి. యాభై దాటినవాళ్లు మనిషి తోడు ఉంటే ఒంటరిగా అసలు లేపొద్దు, అందులో నామోషీ ఏం లేదు.

మా సీమలో నేల నాలుగు రకాలుగా పరీక్ష పెడుతుంది. గరుసు మీద ముందు బ్రేకు గట్టిగా పట్టకుండా ఉంటే చాలు. రామగిరి, నల్లకొండ గాలిమరల చుట్టూ ఉన్న దారులు దీనికి బాగుంటాయి, కాపలా మనిషిని అడిగి పోండి. పెన్న ఇసుకలో నిలబడి, రెండో గేరులో ఒకే తీరుగా ఆక్సిలరేటర్ ఇస్తూ పోవాలి, భయపడి మూసేశారో ముందు చక్రం మునుగుతుంది. నల్లరేగడి మాత్రం వేరు. తాడిపత్రి, జమ్మలమడుగు, కోయిలకుంట్ల వైపు ఎండినప్పుడు తారు రోడ్డంత గట్టిగా ఉండే ఆ నేల, ఒక వాన పడితే మడ్‌గార్డుకీ చక్రానికీ మధ్య జిగురులా కూరుకుపోయి చక్రాన్నే ఆపేస్తుంది, మీరు ఇంకా ఆక్సిలరేటర్ ఇస్తే క్లచ్ కాలిన వాసన వస్తుంది. కర్రతో మట్టి తీసుకుంటూ పది గజాలు పోవడం, మళ్లీ తీయడం. ఏ వయసువాళ్లకైనా నా సలహా ఒకటే, ఊళ్లో టీ తాగుతూ ఎండొచ్చేదాకా ఆగండి. నాలుగోది ముళ్లు. కంపచెట్లు కొట్టి దారిలో పడేస్తారు. ఎక్స్‌పల్స్, హిమాలయన్ లాంటి బండ్లకి ముందు చక్రం 21 అంగుళాలది, ట్యూబు టైరైతే ఆ ట్యూబు పల్లెల్లో పంక్చర్ షాపుల్లో దొరకదు, ఒకటి మీతోనే పెట్టుకోండి. అవసరానికి అదే వెనక చక్రంలో కూడా ఇరికించి ఇల్లు చేరొచ్చు.

నల్లమలలో ఆత్మకూరు, దోర్నాల దారి టైగర్ రిజర్వు లోపలి నుంచి పోతుంది, రాత్రిళ్లు వాహనాలు వదలరు, సాయంత్రానికే దాటేట్టు చూసుకోండి. కడప, రాయచోటి మధ్య గువ్వలచెరువు ఘాట్‌లో లారీల వెనక తక్కువ గేరులో దిగండి, అక్కడి పాలకోవా బండి ఆపి తినండి.

లడఖ్ అడిగిన కుర్రోడికి కూడా ఒక మాట. లేహ్ దాదాపు 3,500 మీటర్ల ఎత్తులో ఉంటుంది, అక్కడ ఊపిరి ఆడకపోవడానికి వయసుతో పెద్దగా పని లేదు, ఎంత తొందరగా ఎక్కామన్నదే ముఖ్యం. గట్టిగా ఉన్నామని మొదటి రోజే కనుమలెక్కే ఇరవై ఏళ్ల వాళ్లు పడిపోతారు, రెండు రోజులు విశ్రాంతి తీసుకున్న పెద్దాయన నింపాదిగా పోయొస్తాడు. గుండె, బీపీ సమస్యలుంటే డాక్టరు సరే అన్నాకే.

వయసులు కలిసిన గుంపులో పోతే అందరికన్నా మెల్లగా నడిపే మనిషిని ముందు పెట్టండి. వెనక పెడితే అందుకోవాలని తొందరపడి పడేది ఆయనే. మొదటి మట్టి ప్రయాణం అరపూట కన్నా ఎక్కువ వద్దు. మర్నాడు పొద్దున లేచాక ఎక్కడ నొప్పి ఉందో చూసుకోండి. తొడలు పట్టేస్తే మంచిదే, నిలబడి నడిపారన్నమాట. మణికట్లు, భుజాలు నొప్పిగా ఉంటే హ్యాండిల్‌కి వేలాడారు, మెకానిక్ దగ్గర హ్యాండిల్‌ను కొంచెం ఎత్తు చేసే రైజర్ వేయించి, నిలబడినప్పుడు మణికట్టు వంగకుండా ఉండేట్టు బ్రేకు, క్లచ్ లివర్లు కొంచెం కిందికి తిప్పించుకోండి. నొప్పి మూడో రోజుకీ తగ్గకపోతే తర్వాతి ఆదివారం దూరం సగానికి తగ్గించండి.