ఇన్వర్టర్‌లో ఏసీ వోల్టేజీ రీడింగ్ తప్పుతోందా? ఐసోలేషన్ సర్క్యూట్‌లో ఇవి చూడండి

హై వోల్టేజీ వైపునూ మైక్రోకంట్రోలర్ వైపునూ నేరుగా కలవకుండా విడదీసి ఉంచేదే ఐసోలేషన్ సర్క్యూట్. రీడింగ్ తేడా రాగానే చాలామంది ప్రోగ్రామ్ తెరిచి గుణకం మార్చేస్తారు. ఆ ఒక్క వోల్టేజీ దగ్గర లెక్క కుదురుతుంది, మిగతా చోట్ల తప్పు అలాగే ఉంటుంది. ముందు మైక్రోకంట్రోలర్ ఏడీసీ పిన్ (వోల్టేజీని అంకెగా మార్చే చోటు) దగ్గర తరంగం ఎలా ఉందో ఆసిలోస్కోప్‌లో చూడండి. స్కోప్ గ్రౌండ్ క్లిప్ మైక్రోకంట్రోలర్ వైపే పెట్టాలి. పొరపాటున హై వోల్టేజీ వైపు తగిలిస్తే షార్ట్ అవుతుంది, ప్రాణానికే ముప్పు.

సమస్య: 230 వరకు బాగానే చూపిస్తుంది, 250 దాటాక రీడింగ్ సరిగా పెరగదు

230 అనేది ఆర్ఎంఎస్ విలువ, అంటే అంతే వేడి పుట్టించే డీసీకి సమానమైన విలువ. దాని శిఖరం 325 వోల్టులు; 280 వోల్టులకైతే 396. అంత చోటు వదలకపోతే తరంగం తల తెగుతుంది. శిఖరం కత్తితో కోసినట్టు చదునుగా ఉంటే ఆప్‌ఆంప్ (సిగ్నల్ పెంచే ఐసీ) లేదా ఏడీసీ పరిధి చాలలేదని అర్థం. సున్నా దాటే చోట వంకర పోతే మాత్రం ట్రాన్స్‌ఫార్మర్ కోర్ సాచురేట్ అవుతోంది, అంటే దాని అయస్కాంత పరిమితి దాటుతోంది.

నాకు నమ్మకమైన పద్ధతి 2 మిల్లీఆంపియర్ల చిన్న కరెంట్ టైప్ వోల్టేజీ ట్రాన్స్‌ఫార్మర్ (1:1). ప్రైమరీకి సిరీస్‌లో నాలుగు 51 కిలోఓమ్ రెసిస్టర్లు, సెకండరీకి అడ్డంగా 680 ఓమ్‌లు. 280 వోల్టుల దగ్గర శిఖరం సుమారు 1.32 వోల్టులు వస్తుంది. 1.65 వోల్టుల బయాస్ (స్థిర డీసీ వోల్టేజీ) మీద కూర్చోబెడితే 3.3 వోల్టుల ఏడీసీలో హాయిగా ఇముడుతుంది. ఒకే రెసిస్టర్ ఎందుకు వద్దంటే, మామూలు పావు వాట్ రెసిస్టర్ 396 వోల్టుల శిఖరాన్ని ఒంటరిగా మోయలేదు.

సమస్య: మెయిన్స్‌లో సరిగ్గా, ఇన్వర్టర్ మోడ్‌లో తప్పుగా

సగటు తీసి 1.11తో హెచ్చించే పద్ధతి శుద్ధ సైన్ తరంగానికే పనిచేస్తుంది. మాడిఫైడ్ సైన్‌కు (మెట్లుమెట్లుగా ఉండే ఇన్వర్టర్ తరంగానికి) ప్రతి శాంపిల్‌ను వర్గం చేసి, సగటు తీసి, వర్గమూలం కట్టాల్సిందే. స్విచింగ్ నాయిస్ కోసం ఏడీసీ ముందు 1 కిలోఓమ్, 100 నానోఫారడ్ ఫిల్టర్ పెట్టండి. దానివల్ల 50 హెర్ట్జ్ దగ్గర తరంగం 1.8 డిగ్రీలు వెనకబడుతుంది. గ్రిడ్‌తో సింక్ చేసేవాళ్లు ఆ తేడాను కలుపుకోవాలి.

సమస్య: బోర్డు వేడెక్కితే రీడింగ్ జారుతుంది

మామూలు ఆప్టోకప్లర్‌తో (కాంతితో సిగ్నల్ దాటించే ఐసీ) వోల్టేజీ కొలుస్తున్నారేమో చూడండి. వేడికీ, వయసుకీ దాని గెయిన్ మారుతుంది. దాన్ని జీరో క్రాసింగ్ (తరంగం సున్నా దాటే క్షణం) పట్టుకోవడానికి వాడండి, కొలతకు వద్దు.

సమస్య: లోడ్ పడగానే మైక్రోకంట్రోలర్ రీసెట్

ఐసోలేషన్ ఆంప్లిఫయర్ (రెండు వైపుల గ్రౌండ్‌లు కలవకుండా సిగ్నల్ దాటించే ఐసీ) పెట్టి, దాని రెండు వైపులా ఒకే సప్లై ఇచ్చిన బోర్డుల్లో ఇది మామూలే. గ్రౌండ్‌లు కలిశాక ఆ ఐసీ ఉన్నా లేనట్టే. హై వోల్టేజీ వైపుకు విడిగా ఐసోలేటెడ్ డీసీ-డీసీ కన్వర్టర్ కావాలి, ఐసీ కింద రాగి ఉండకూడదు. పవర్ తీసేసి, కెపాసిటర్లు డిశ్చార్జ్ అయ్యాక రెండు గ్రౌండ్‌ల మధ్య మల్టీమీటర్ పెట్టండి. బీప్ వస్తే డీసీ-డీసీ మాడ్యూల్, హీట్‌సింక్ స్క్రూ, కనెక్టర్ తీగలు వరసగా విప్పి చూడండి. అది తేలేదాకా ల్యాప్‌టాప్‌కు ప్రోగ్రామింగ్ కేబుల్ తగిలించకండి.