లెక్కలు మొదటి నుంచి - 4వ పాఠం: తీసినదాన్ని తిరిగి కలపడం

పోయినసారి ఇచ్చిన మూడో లెక్క, 503 − 278, చాలామందిని పడేసింది. 375 వచ్చిందన్నారు. ఎలా వచ్చిందో చూడగానే తెలిసింది. 3లోంచి 8 పోదు కదా అని 8లోంచి 3 తీసేశారు. 0లోంచి 7 పోదని 7లోంచి 0 తీసేశారు. అప్పు తెచ్చుకోవడం మళ్లీ చెప్పను, రెండో పాఠం తిరగేయండి. నా బాధ వేరే. జవాబు తప్పని మీకు మీరే పట్టుకునే వీలుంది, ఎవరూ వాడుకోలేదు. 375కి 278 కలపండి. 653 వస్తుంది. బయల్దేరింది 503 దగ్గర కదా! అసలు జవాబు 225.

నేనైతే ఇలాంటివి తీసివేతగా చెయ్యనే చెయ్యను. 278 నుంచి పైకి ఎక్కుతాను: 2 కలిపితే 280, ఇంకో 20కి 300, ఇంకో 200కి 500, ఆపైన 3. కలిపినవన్నీ 225.

9 + 4 = 13 అయితే 13 − 4 = 9. ఇది అందరికీ తెలిసిందే, వదిలేద్దాం.

ఇప్పుడు నాకు ఒళ్లు మండే సంగతి. 'మైనస్ అవతలికెళ్తే ప్లస్ అవుతుంది' అని ఎవరో ఎప్పుడో మన బుర్రలో ఎక్కించారు. □ − 27 = 45 దగ్గర అది పనిచేస్తుంది, 72 వస్తుంది. అదే ఊపులో 83 − □ = 36కి 83 + 36 = 119 అని రాసేస్తారు. 83లోంచి 119 తీస్తే 36 మిగులుతుందా?

ఆర్యభటుడు క్రీ.శ. 499లోనే విలోమ పద్ధతి చెప్పాడు: చివరి నుంచి వెనక్కి వస్తూ, కలిపినచోట తీయాలి, తీసినచోట కలపాలి. అయితే తిప్పాల్సింది గడిలోని సంఖ్యకు జరిగినదాన్ని. మొదటి లెక్కలో గడిలోంచి 27 పోయింది, తిరిగిచ్చేస్తే సరి. రెండోదాంట్లో గడిలోంచి ఏమీ పోలేదు. గడే 83లోంచి పోయింది! పోయినదీ మిగిలినదీ కలిస్తే 83. అంటే □ + 36 = 83, గడిలో 47. పోయింది ఎంతో కావాలన్నా తీసివేతే, మిగిలింది ఎంతో కావాలన్నా తీసివేతే. మొదట ఎంత ఉందో కావాలంటేనే కూడిక.

ఇంకా నమ్మకం కుదరకపోతే 5 − □ = 2 చూడండి. ఇక్కడ 7 అనేవాళ్లు నాకింకా తగల్లేదు.

అన్నట్టు, అభ్యాసం. రెండే.
□ − 348 + 127 = 600
1000 − (□ + 365) = 218

రెండోదాంట్లో ముందు బ్రాకెట్ మొత్తాన్నీ ఒకే గడి అనుకోండి. జవాబులు ఇవ్వను. వచ్చిన సంఖ్యను గడిలో పెట్టి మొత్తం లెక్క మళ్లీ చేయండి, 600, 218 వస్తేనే 5వ పాఠానికి రండి.