డిస్కు రాసేశాం కదా అని అసలు ఫైలు తుడిచేయకండి

పెళ్లి వీడియో డీవీడీలోకి ఎక్కించి, కంప్యూటర్‌లో చోటు కోసం అసలు ఫైలు తీసేశారు. ఏడాది తిరక్కుండానే డిస్కు చదవడం మానేసింది. ఇలాంటి మొర ఈమధ్య మళ్లీ వినబడింది. డ్రైవు పాడైతే కొత్తది వస్తుంది, ఆ రోజు మాత్రం తిరిగి రాదు.

మార్చే ముందు

డిస్కు మీద 4.7 జీబీ అని ఉన్నా విండోస్ లెక్కలో అది సుమారు 4.37 జీబీయే. గంట వీడియోకి బిట్‌రేటు (సెకనుకు పట్టే డేటా) 8 మెగాబిట్లు పెట్టుకోవచ్చు. రెండు గంటలైతే ఆడియోతో కలిపి 5 దాటనివ్వకండి. మూడు గంటలు కుక్కితే కదలిక ఎక్కువున్న చోటల్లా బొమ్మ గళ్లు గళ్లుగా విరిగిపోతుంది.

టీవీ కింద పెట్టుకునే ప్లేయర్‌కి ఎంపీఈజీ-2 వీడియో, 48 కిలోహెర్ట్జ్ ఆడియో కావాలి. ఎంపీ4 ఫైలు పేరు చివర అక్షరాలు మార్చినంత మాత్రాన అది ఎంపీఈజీ-2 అయిపోదు. వీడియో రకం మార్చే హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్ ప్లేయర్‌లో ఆడే డీవీడీ తయారుచేయదు. అందుకు డీవీడీస్టైలర్ లాంటిది ఉండాలి. ఫోన్‌తో తీసిన వీడియోల్లో ఫ్రేమ్ రేటు (సెకనుకు ఎన్ని బొమ్మలన్నది) నిలకడగా ఉండదు. ముందే స్థిరమైన రేటుకి మార్చకపోతే, చివరికొచ్చేసరికి పెదవుల కదలిక ఒకటి, మాట ఒకటి.

రాసేటప్పుడు

ముందు ఐఎస్ఓ (డిస్కు మొత్తాన్ని ఒకే ఫైలుగా చేసిన నకలు) తయారుచేసి, దాన్ని కంప్యూటర్‌లోనే ప్లే చేసి చూసుకోండి. తప్పు అక్కడే దొరికితే డిస్కు మిగులుతుంది. ఐఎస్ఓ 4 జీబీ దాటితే ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన డ్రైవులో సేవ్ కాదు. 16ఎక్స్ వేగం డిస్కునైనా 8ఎక్స్ వేగంలోనే రాయండి. రాసింది సరిగా ఉందో లేదో చూసే వెరిఫై టిక్కు తీయొద్దు.

అసలు ఫైలు సంగతి

ఇక్కడే చాలామంది మునిగిపోతారు. 'పూర్తయింది' అని తెర మీద పడగానే ఫైలు తీసేస్తారు. రాసిన డ్రైవు తను రాసింది తను చదువుకోగలిగినా, వేరే ప్లేయర్ చదవకపోవచ్చు. డేటా డిస్కు మధ్య నుంచి అంచుకు సాగుతుంది, పొరపాట్లు ఎక్కువగా అంచు దగ్గరే పడతాయి. మొదటి ఐదు నిమిషాలు ఆడితే ఏమీ తేలినట్టు కాదు, చివరి పది నిమిషాలు చూడాలి. డిస్కు నిక్షేపంగా ఉన్నా సరే, 1920×1080 ఫ్రేములో 20,73,600 పిక్సెళ్లుంటే పాల్ (మన దగ్గరి పాత టీవీ పద్ధతి) డీవీడీ ఫ్రేములో ఉండేవి 4,14,720. సరిగ్గా ఐదో వంతు. పోయిన నాలుగు వంతులు ఆ డిస్కులోంచి ఎవరూ వెనక్కి తేలేరు. అందుకే అసలు ఫైలు తీయకండి.

ఇక ఇవి:

- ల్యాప్‌టాప్‌ని కరెంటుకి పెట్టే రాయండి. స్లీప్ ఆపేయండి.
- రాస్తుండగా వేరే పని పెట్టొద్దు.
- ఫైనలైజ్ చేయకుండా (రాయడం ముగించి డిస్కు మూసేయకుండా) డిస్కు బయటికి తీయొద్దు.
- దాచుకునేదానికి ఆర్‌డబ్ల్యూ (చెరిపి మళ్లీ రాసుకునే) డిస్కు వాడొద్దు.
- స్టిక్కర్ అంటించొద్దు, బరువు ఒకపక్కకి లాగి డిస్కు ఊగుతుంది. బాల్‌పెన్ వద్దు, మెత్తటి మార్కరే.
- ఎండ తగలనివ్వొద్దు, రాసిన రంగుపొర దెబ్బతింటుంది.
- రెండు డిస్కులు రాయండి. రెండూ ఒకే ఇంట్లో పెట్టొద్దు.
- డిస్కులో ఉన్నదంతా కొత్త ఫోల్డర్‌లోకి కాపీ చేయండి. మధ్యలో ఆగిందా, ఆ డిస్కు పారేయండి.
- వేరే ప్లేయర్‌లో చివరిదాకా చూడండి.
- ఇవన్నీ అయ్యాక కూడా అసలు ఫైలు తీయొద్దు. చోటు చాలకపోతే ఇంకో హార్డ్‌డిస్కు కొని అందులో పెట్టండి.